పంపినవారు: మాణిక్యం

"మాణిక్యంగారేనా? మీకు నెలలు నిండాయా?"

ఫోను చెవికి ఆనించుకున్న మాణిక్యం ఒకసారి తన పొట్ట వైపు చూసుకున్నాడు.

గుర్గావ్‌లో అద్దాల మేడ, నాలుగో అంతస్తు. బయట జూలై వాన అద్దాల మీద జారుతోంది. రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునే నేహాకు తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ అవతల ఉన్నది అమ్మాయి అనీ, మంచి కోపంలో ఉందనీ గ్రహించి, చేస్తున్న పని ఆపేసి చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు మాణిక్యం.

"నేనెవరో తర్వాత. ముందు మీరెవరో తేల్చుకుందాం. సోమవారం పొద్దున మీరు గర్భిణి. తొమ్మిదో నెల. సాయంత్రానికి మీకు కిడ్నీలో రాళ్ళు. మంగళవారం మీకు సివిల్స్ ఇంటర్వ్యూ, అశోకా రోడ్ దగ్గర్లో గది కావాలి. ఇవాళ మీరు రిటైరైన హెడ్మాస్టరు, మోకాలి ఆపరేషను. మీకు వేరే పనేమీ లేదా?"

మాణిక్యం ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"పదకొండు మెయిళ్ళు! పదకొండింటికీ వేళ్ళు నొప్పి పుట్టేలా జవాబులు రాశాను. ఒక్కటైనా చదివారా?"

"లేదండీ."

"అచ్ఛా! చదవను కూడా లేదు!"

మాణిక్యం కనిగిరి పక్కన ఒక మెట్ట పల్లెలో, రేకుల బళ్ళో చదువుకున్నవాడు. ఆ ఊళ్ళో నీళ్ళు ఎంత పొదుపుగా వాడతారో మాటలూ అంతే పొదుపుగా వాడతారు. ఉన్న నాలుగు మాటల్లో సరైనది వెతుక్కునేసరికి ఎదుటివాళ్ళు పది మాట్లాడేసి ఉంటారు.

"మీరు తోడు సంఘం నుంచా అండీ?"

"తోడు నుంచే. నా పేరు ఇంద్రజ. మెయిలు అడ్రసులో కంపెనీ పేరుంది కదా, నంబరు వెతికి మరీ చేశాను. మీ బాస్‌కి చెప్పమంటారా?"

అప్పుడు తెలిసింది అతనికి, ఎక్కడ ఏం జరిగిందో. చెవులు వేడెక్కాయి.

"ఆ వెబ్‌సైటు చేసింది నేనేనండీ. రాజగోపాల్‌గారు కావాలంటే చేశా. తప్పు నాదే. ఆ మెయిళ్ళు రాసినోళ్ళు అందరూ నిజంగా ఉన్నారు. నా పేరు మీద వస్తన్నయి, అంతే. మూడు రోజులుగా నోయిడాలో పనిలో ఉండి చూసుకోలా."

అవతల ఆపుకోలేక బయటపడిన చిన్న నవ్వు.

"అంటే మీకు నెలలు నిండలేదు."

"లేదండీ."

"కిడ్నీలో రాళ్ళు?"

"ప్రస్తుతానికి లేవండీ."

ఈసారి నవ్వు గట్టిగానే వినిపించింది. "మరి నా జవాబులు?"

"అన్నీ నా దగ్గరే ఉంటయి. ఎవరివి వాళ్ళకి ఇప్పుడే పంపిస్తా. రెండ్రోజుల్లో సరిచేస్తా. అందాకా మీరు మామూలుగానే జవాబు కొట్టండి, నేను అందిస్తా."

"ఠీక్ హై. రెండు రోజులు. గుర్తుంచుకోండి."

ఫోను పెట్టేశాక నేహా ఎవరామె అన్నట్టు కళ్ళెగరేసింది. "కౌన్ థీ?"

"వెబ్‌సైట్."

"వెబ్‌సైట్ కే లియే కోయీ ఇత్‌నా లాల్ నహీఁ హోతా, మాణిక్ జీ!" వెబ్‌సైటు కోసం ఎవరూ ఇంత ఎర్రబడరంటూ నవ్వింది.

*

తోడుకు ఆఫీసు లేదు, బోర్డు లేదు. సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో రామమూర్తిగారి ముందుగదే దాని చిరునామా. ఆయన కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. వైద్యానికో ఇంటర్వ్యూకో ఢిల్లీ వచ్చి దిక్కులు చూసే తెలుగువాళ్ళకు స్టేషనుకు మనిషిని పంపడం, గది చూపించడం, ఇంటి భోజనం అందించడం ఒక పాతిక కుటుంబాలు కలిసి చేసేవి. ఆయన కూతురు ఇంద్రజ ధౌలా కువాన్‌లో కాలేజీ చదువు ముగించి ఒక లైబ్రరీలో ఉద్యోగం చేస్తోంది. ఉత్తరాలకు జవాబులు రాసే పని ఆమెది.

రెండేళ్ళ కిందట మాణిక్యం మునిర్కాలో కిటికీ లేని గదిలో పచ్చకామెర్లతో పడి ఉన్నప్పుడు తోడు నుంచి పదకొండు రోజులు నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు వచ్చింది. మెత్తటి అన్నం, ఉప్పు తగ్గించిన బీరకాయ కూర, పలచటి మజ్జిగ. తెచ్చే మనిషి రోజుకొకరు. ఎవరినీ అతను పేరడగలేదు, ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. మాట నోటిదాకా వచ్చేసరికి వాళ్ళు మెట్లు దిగిపోయేవారు. పన్నెండో రోజు కోలుకుని గుర్గావ్ వైపు గది మారాడు. క్యారియరు అతని దగ్గరే ఉండిపోయింది. అడుగున చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు: అన్నపూర్ణేశ్వరి.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని వాళ్ళమ్మ చెప్పేది. అందులో ఏం పెట్టి ఇవ్వాలో మాణిక్యానికి తెలియలేదు. పదకొండు రోజుల అన్నానికి సరిపడేది కొట్టులో ఏముంటుంది? తోడుకు వెబ్‌సైటు కావాలని, ఆ పాతిక కుటుంబాల్లో ఒకరైన రాజగోపాల్‌గారు ఎవరితోనో అంటుంటే విని, "నేను చేస్తా" అన్నాడు. అయినా క్యారియరు అల్మరా దిగలేదు.

సైటులో సాయం అడిగేవాళ్ళు నింపడానికి ఒక ఫారం పెట్టాడు. నింపగానే అది మెయిలై తోడు పెట్టెలో పడుతుంది. మొదట్లో 'పంపినవారు' అన్నచోట ఫారం నింపినవాళ్ళ అడ్రసే పెట్టాడు. ఆ రోజుల్లో అందరూ చేసే పనే. కొన్నాళ్ళకు మెయిలు కంపెనీలు గట్టిపడ్డాయి. ఎక్కడి అడ్రసో చెప్పుకుంటూ ఈ అద్దె సర్వరు నుంచి వస్తున్నాయేమిటని ఆ ఉత్తరాలను చెత్తబుట్టలో వేయడం మొదలుపెట్టాయి. "మనవాళ్ళెవరూ రాయడం లేదోయ్" అని రాజగోపాల్‌గారు దిగులుపడితే, మాణిక్యం పరీక్ష కోసం పంపినవారి చోట తన ఆఫీసు అడ్రసు పెట్టి చూశాడు. మెయిలు ఠకీమని వెళ్ళింది. ఇంతలో నోయిడా క్లయింటు పిలుపు. దాన్ని తీసేయడం మరిచిపోయాడు.

ఆ సాయంత్రం ఇంద్రజ జవాబులు తెరిచాడు. ఒక్కొక్కదాని అడుగున అసలు ఫారమూ, రాసినవాళ్ళ అడ్రసూ ఉన్నాయి. కాపీ చేసి పంపేస్తే సరి, చదవనక్కర్లేదు.

చదివాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. గర్భిణికి ఇలా రాసింది: "నమస్తే అక్కా. మా అమ్మ అన్నపూర్ణేశ్వరి కారం లేకుండా వండుతుంది. మీరు చేరిన రోజు నుంచి రెండు పూటలా క్యారియరు వస్తుంది. మొహమాటపడి అన్నం మిగల్చకండి, అమ్మ ఊరుకోదు." హెడ్మాస్టరుగారికి: "మాస్టారూ, నేను ఢిల్లీలో పుట్టాను. తప్పులుంటే బెంచీ ఎక్కించకండి. మోకాలు ఆపరేషను అయ్యాక మీరూ ఎక్కలేరు."

అన్నపూర్ణేశ్వరి అన్న పేరు దగ్గర మాణిక్యం చూపు ఆగిపోయింది. గదికి వెళ్ళి అల్మరా తీసి, క్యారియరు తిరగేసి, ఆ పేరును వేలితో తడిమి చూసుకున్నాడు.

మర్నాటి నుంచి ఇంకొకటి మొదలైంది. అతను పంపిన జవాబులకు వాళ్ళు మళ్ళీ జవాబు కొడితే అవీ అతనికే వచ్చేవి. "అమ్మా, నువ్వు ఎవరి బిడ్డవో, చల్లగా ఉండు." "మేడమ్, గది దొరికింది, ఇంటర్వ్యూ బాగా చేశాను." మాణిక్యం మొదటిది ప్రింటు తీశాడు. మడతపెట్టి క్యారియరు పై గిన్నెలో వేశాడు. అప్పుడు తోచింది, ఈ గిన్నెలో ఏం పెట్టి ఇవ్వాలో.

నాలుగు గిన్నెలు. నిండాలంటే ఇంకా చాలా కావాలి. ఫారం సరిచేస్తే ఇవి రావు. ఇంద్రజ జవాబులూ రావు.

ఆమె రోజు విడిచి రోజు ఫోను చేసేది.

"మాణిక్యంగారూ, ఇవాళ మీకు కంటిలో శుక్లం. తెలుసా?"

"చూశానండీ. పంపించా."

"నిన్నటి ఫారంలో మీకు కవలలు. మగపిల్లలు. కంగ్రాచ్యులేషన్స్."

"థాంక్సండీ."

"రెండు రోజులంటే మీ ఊళ్ళో ఎన్ని రోజులండీ?"

"చేస్తన్నానండీ."

ఒకసారి నవ్వులేని గొంతుతో అంది: "ఒక్క మాట చెప్పనా? ఇంతమందికి రాస్తాను, తిరిగి ఒక్కరూ రాయరు. చేరారో లేదో కూడా తెలీదు. ఏదో ఆశించి కాదు. ఊరికే... చెప్పాలనిపించింది."

మాణిక్యం చేతిలో ఆ క్షణాన కవలల తండ్రి రాసిన ఉత్తరం ఉంది. చెప్పేద్దామనుకున్నాడు. ఇంకా ఒక గిన్నె ఖాళీ. నిండాక ఒక్కసారే ఇద్దామనుకున్నాడు.

*

పంతొమ్మిదో రోజు సోమవారం. శని, ఆదివారాలు నోయిడాలో సర్వర్లు మార్చే పనిలోనే గడిచిపోయాయి. ఎనిమిదింటికే ఆఫీసుకు వచ్చి మెయిలు తెరిచాడు. శనివారం పొద్దున ఇంద్రజ రాసిన జవాబు ఒకటి అలాగే ఉంది.

"హనుమాయమ్మగారికి నమస్తే. సోమవారం న్యూ ఢిల్లీ స్టేషన్లో దిగాక పహాడ్‌గంజ్ వైపు రావద్దు, అజ్మేరీ గేట్ వైపు రండి. నేను తోడు అని రాసిన అట్ట పట్టుకుని ఉంటాను. బాబాయిగారిని చెయ్యి పట్టుకుని నడిపించండి."

అడుగున చీరాలలో ఎవరో నెట్ సెంటరు అబ్బాయి నింపిన ఫారం. భర్త వెంకటసుబ్బయ్యకు ఒక కన్ను పోయింది, రెండోది సగమే కనిపిస్తుంది. సెల్‌ఫోను లేదు.

బండి వచ్చి గంట దాటింది.

మాణిక్యం ఇంద్రజకు ఫోను చేశాడు. అతను ఆమెకు చేయడం అదే మొదటిసారి.

"మీ జవాబు వాళ్ళకి అందలేదండీ. నేను పంపలా. వాళ్ళు అవతలి వైపు ఉండొచ్చు. వస్తన్నా."

సమాధానం కోసం ఆగలేదు. ధౌలా కువాన్ దగ్గర నీళ్ళు నిలిచి బండ్లన్నీ ఆగిపోయాయి. ఆటో దిగి, మోకాలి లోతు నీళ్ళలో నడిచి, అవతల ఇంకో ఆటో పట్టుకున్నాడు. పహాడ్‌గంజ్ వైపు చేరేసరికి పది. జనం, గొడుగులు, కూలీలు. ఎవరి మొహమూ అతనికి తెలియదు.

ఒక్క క్షణం నిలబడ్డాడు. మనూరి పెద్దామె అయితే ఎక్కడ కూర్చుంటుంది? జనం మధ్య కూర్చోదు. వీపుకు గోడ ఉండాలి, దగ్గర్లో నీళ్ళ కుళాయి ఉండాలి. పార్సిలు ఆఫీసు గోడ వైపు చూశాడు. కుళాయి పక్కన, సగం తడుస్తూ, సంచుల మీద ఇద్దరు ముసలివాళ్ళు. ఆమె పక్కన ఒక స్టీలు చెంబు. దగ్గరికెళ్ళి వంగి చూశాడు. చెంబు మెడ చుట్టూ చుక్కల తెలుగు అక్షరాలు: కె. హనుమాయమ్మ, పేరాల.

"అమ్మా, నేను తోడు నుంచి" అన్నాడు.

"చూశావా! వస్తారని చెప్పానా!" అంది ఆమె భర్త భుజం తట్టి. "ఈయనకి కంగారెక్కువ నాయనా. ఎవరి పిల్లాడివయ్యా, ఇంత తడిశావు? ముందు తల తుడుచుకో" అంటూ తన చీర కొంగే అందించింది.

అప్పటిదాకా ప్లాట్‌ఫారాలన్నీ గాలించిన ఇంద్రజ అప్పుడే పరుగున వచ్చింది. ఆకుపచ్చ చున్నీ ఒంటికి అతుక్కుపోయి, చేతిలో తోడు అట్ట ముద్దయి ఉంది. వెనకే రాజగోపాల్‌గారు. ఆమె మాణిక్యాన్ని చూసింది, ఎవరో తెలుసుకుంది. పెద్దవాళ్ళిద్దరినీ ఆటో ఎక్కించి రాజగోపాల్‌గారితో ఆస్పత్రికి పంపించేదాకా నవ్వుతూనే ఉంది. ఆటో మలుపు తిరిగాక నవ్వు ఆగిపోయింది.

"ఫారం సరిచేయడం అంత కష్టమా?"

"కాదండీ."

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

"మరి పంతొమ్మిది రోజులు ఏం చేశారు?"

వాన చప్పుడు. మాణిక్యం ఆమె చెప్పుల వైపు చూస్తూ అన్నాడు: "సరిచేస్తే మీ జవాబులు నాకు రావండీ."

ఇంద్రజ బుగ్గల మీదికి ఎరుపు వచ్చినట్టే వచ్చి, కోపంలో కలిసిపోయింది.

"ఆయన మూడు గంటలు వానలో కూర్చున్నారు. అది నేను వాళ్ళ కోసం రాసింది మాణిక్యంగారూ, మీరు చదువుకోవడానికి కాదు."

"అవునండీ."

"సాయంత్రంలోగా సరిచేయండి."

వెళ్ళిపోయింది. తడిసిన అట్ట కింద పడితే మాణిక్యం తీసి జేబులో పెట్టుకున్నాడు.

*

ఆ మధ్యాహ్నమే సరిచేశాడు. రెండు వరుసలు. పంపినవారి చోట తోడు సొంత అడ్రసు. జవాబు చేరాల్సిన చోట ఫారం నింపినవారి అడ్రసు. పదిసార్లు పరీక్షించాడు. తన పేరు ఎక్కడా మిగలలేదు.

అతని పెట్టె ఖాళీ అయింది. మంగళవారం, బుధవారం, గురువారం. "ఆజ్ బీమారీ వాలీ మేడమ్ కా ఫోన్ నహీఁ ఆయా?" అని, రోగాల మేడమ్ ఇవాళ ఫోను చేయలేదేమని నేహా అడిగింది. లేదన్నట్టు తల ఊపాడు.

పని అయ్యాక రోజూ ఆస్పత్రికి వెళ్ళేవాడు. వెంకటసుబ్బయ్యగారికి మందులు తెచ్చిచ్చి, కంట్లో చుక్కలు వేసే వేళలు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాడు. రెండో రోజు హనుమాయమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఆమె సంచిలోంచి పొట్లం తీసి, "చెప్పావు కదా, అయిపోయింది. ఈ చేగోడీలు తిను" అంది.

శుక్రవారం సాయంత్రం తోడు సైటు తెరిచి తనే ఫారం నింపాడు.

పేరు: మాణిక్యం.

సమస్య: రెండేళ్ళ కిందట పదకొండు రోజులు మీ ఇంటి అన్నం తిన్నాను. ఆ అన్నంతోనే లేచి తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. క్యారియరు నా దగ్గరే ఉంది. మీకు ఎవరూ తిరిగి రాయరన్నారు. రాశారు. అవీ నా దగ్గరే ఉన్నాయి.

ఏ సాయం కావాలి: మీ జవాబు. ఈసారి నాకు.

రాత్రంతా ఏమీ రాలేదు. శనివారం తొమ్మిదింటికి వచ్చింది.

"నమస్తే అండీ. మీ ఉత్తరం అందింది. ఈ పెట్టెలో పడ్డవన్నీ పొద్దున్నే కాఫీ తాగుతూ నాన్న పైకి చదువుతారని మీకు తెలియదనుకుంటాను. ఇవాళా చదివారు. రెండుసార్లు. క్యారియరు మాట రాగానే అమ్మ లేచి నిలబడింది. రెండేళ్ళుగా పక్కింటి పంజాబీ ఆంటీని అనుమానిస్తోంది పాపం. హనుమాయమ్మగారు ఆస్పత్రి నుంచి ఫోను చేసి మీ గురించి గంటసేపు చెప్పారు. మీరు గంటసేపు మాట్లాడగా నేను వినలేదు, మీ గురించి వినడం మాత్రం బాగానే ఉంది. ఇంకా కొంచెం కోపం ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండి. ఈ జవాబు ఇంకెవరికీ పంపనక్కర్లేదు. ఇంద్రజ."

మాణిక్యం దాన్ని ఎవరికీ పంపలేదు.

*

ఆదివారం వాన తెరిపిచ్చింది. సరోజినీ నగర్ క్వార్టర్ల ముందుగదిలో మాణిక్యం క్యారియరు బల్ల మీద పెట్టాడు. అన్నపూర్ణేశ్వరిగారు ముందు తిరగేసి తన పేరు చూసుకున్నారు. తర్వాత మూత తీశారు.

నాలుగు గిన్నెల నిండా మడతపెట్టిన కాగితాలు.

"ఏమిటివి?" అంది ఇంద్రజ. ఒకటి విప్పింది. ఇంకొకటి విప్పింది. "నాన్నా, మాస్టారు నడుస్తున్నారట! తెలుగు పరీక్షలో నాకు నూటికి అరవై వేశారు!" మూడోది చదువుతూ సోఫా చివర కూర్చుండిపోయింది. కవలల్లో ఒకడికి ఇంద్రనీల్ అని పేరు పెట్టుకున్నారు. ఆమె చున్నీ అంచుతో కళ్ళొత్తుకుంది.

"వాళ్ళు రాస్తానే ఉన్నారండీ" అన్నాడు మాణిక్యం. "నేనే అడ్డం ఉన్నా. నిండాక ఇద్దామనుకున్నా. అది తప్పు. మన్నించండి."

రామమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "అసలు ఆ ఫారంలో లోపం ఏమిటయ్యా? మా ఆఫీసు ఫైలు భాషలో కాకుండా చెప్పు."

మాణిక్యం ఒక గిన్నె తీసి తిరగేసి చూపించాడు.

"అన్నం ఎవరి కోసమైనా గిన్నె మీద పేరు మన ఇంటిదే ఉండాలండీ. ఎవరికో చీటీ మీద రాసి మూత కింద పెట్టాలి. నేను మొదట గిన్నె మీద ఊళ్ళోవాళ్ళ పేర్లు కొట్టించా. ఈ గిన్నె మీది కాదని గేటు కాడ ఆపేశారు. ఆనక నా పేరు కొట్టించా. గిన్నెలన్నీ మా ఇంటికొచ్చినయి. ఇప్పుడు గిన్నె మీద మీ పేరుంది, చీటీ మీద వాళ్ళ పేరుంది. అంతేనండీ."

అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడడం ఆ గదిలో ఎవరికీ తెలియకపోయినా, అతనికి తెలుసు. చెమట పట్టింది. ఇంద్రజ అతన్ని చూస్తోంది. కొంచెం ఉన్న కోపం ఎక్కడా కనిపించలేదు.

భోజనం అయ్యాక అన్నపూర్ణేశ్వరిగారు కాగితాలన్నీ జాగ్రత్తగా పళ్ళెంలోకి తీసి, గిన్నెలు కడిగి, పులిహోర, దొండకాయ వేపుడు, పెరుగన్నం సర్దారు. నాలుగో గిన్నెలో కజ్జికాయలు.

"ఖాళీగా పంపకూడదు కదా బాబూ. మళ్ళీ తెచ్చివ్వాలి సుమా. రెండేళ్ళు కాదు."

"వచ్చే ఆదివారం తెస్తానండీ."

"రెండు రోజులంటే పంతొమ్మిది రోజులు చేసే మనిషమ్మా" అంది ఇంద్రజ గుమ్మానికి ఆనుకుని. "వచ్చే ఆదివారమంటే దీపావళి అనుకో."

"ఈ క్యారియరు కూడా పాతబడింది" అన్నారు అన్నపూర్ణేశ్వరిగారు, పైన హుక్కు బిగిస్తూ, ఎవరి మొహమూ చూడకుండా. "కొత్తది తీసుకోవాలి. పేరు కొట్టించాలి. ఏం పేరు కొట్టించమంటారు?"

రామమూర్తిగారు పేపరు మడిచి కూతురి వైపు చూశారు. తర్వాత మాణిక్యం వైపు చూశారు.

"ఒక పేరా, రెండా?"

ఇంద్రజ తల తిప్పుకుంది. చెవి అంచు మాత్రం ఎర్రగా కనిపిస్తోంది.

మాటల కోసం ఎప్పుడూ వెతుక్కునే మాణిక్యం ఈసారి వెతుక్కోలేదు.

"రెండండీ."